మూడు కాలమ్‌ల ఫోటో

"మేడమ్, ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఆయన ఎవరంటే..." కింది నుంచి వాచ్‌మన్ ఫోన్.

"తెలుసులే. వస్తున్నా," అని ఫోటో ఎడిటర్ ఫోన్ పెట్టేసింది.

నాలుగో రోజు ఇది. అసలే ఆ ఫోటో వేసినప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మామూలు ఫోటోనా అది! యుద్ధంలో మన సైనికుడు తుపాకీ చాచాడు. ఎదురుగా శత్రువుల పిల్లాడు, ఏడేళ్ళుంటాయేమో, ఏడుస్తున్నాడు. మర్నాటికల్లా జనం రోడ్డెక్కారు. సైనికుణ్ణి బోనెక్కించారు. ఈరోజు నాలుగింటికి తీర్పు.

ఫోటో తీసినవాడు ఆ రోజే బాంబు దాడిలో పోయాడు. అడుగుదామంటే మనిషి లేడు.

ఆమె విసవిసా మెట్లు దిగింది.

"ఏంటి పెద్దాయనా మీ గొడవ?"

అతను బల్ల మీంచి లేచాడు. "ఫోటో ఎడమ పక్క కోసేశారమ్మా. మొత్తం వేయండి."

"ప్రకటన వచ్చింది. ఐదు కాలమ్‌లది మూడుకి కుదించాను. రోజూ చేసే పనే."

"ఆ అబ్బాయి పిల్లాణ్ణి కాల్చబోలేదు. ఎటు పరిగెత్తాలో తుపాకీతో చూపించాడు."

"కోర్టులో చెప్పుకోండి."

"గుమ్మంలోనే గెంటేశారమ్మా. మీ ఫోటో అయితే అందరూ నమ్ముతారు."

ఆమెకు జాలేసింది. అయినా తగ్గలేదు. "కన్నకొడుకు ఏం చేసినా తండ్రికి తప్పనిపించదు. వెళ్ళిరండి."

అతను ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఆమె సగం మెట్లెక్కేసింది.

నాలుగున్నరకి తీర్పొచ్చింది. యావజ్జీవం. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టారు.

"రేపు అదే ఫోటో!" ఎడిటర్ అరిచాడు. "ప్రకటనలేం వద్దు. ఐదు కాలమ్‌లూ నిండుగా!"

ఆమె అసలు ఫోటో తెరిచింది. హడావిడిలో పొగే కదా అని తను కోసేసిన ముక్కలో ఒక మనిషి ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు. ముఖం పొగలో ఆనడం లేదు. తుపాకీ మొన అటే ఉంది. పిల్లాడి చూపూ అటే.

ఆమె ఒక్క పరుగున కిందికొచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"ఆ సైనికుడి నాన్న ఏడీ?"

వాచ్‌మన్ తెల్లబోయాడు. "సైనికుడి నాన్నా? దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చాడని ఇందాకే పోలీసులు పట్టుకుపోయారు మేడమ్. ఆయన ఆ ఫోటోలో పిల్లాడి తాత."