గోడ మీది ఫ్యాన్

"ఆ పిల్లను పక్కకు పెట్టుండ్రి కోచ్ సాబ్. ఆమె చేతికి బాల్ ఇచ్చుడంటే పక్క టీమ్‌కు పార్సిల్ కట్టి ఇచ్చినట్టే."

గోడ మీంచి వచ్చిన ఆ మాట తొండుపల్లి గ్రౌండంతా వినబడింది.

షామియానా కింద కూర్చున్న ఏడుగురు కోచ్‌లకూ చెవిలో వినబడింది. ఎనిమిదో కోచ్ ఇస్హాక్‌కు మాత్రం గుండెలో వినబడింది.

బంతి విసరబోతున్న జెరూషా చెయ్యి తడబడింది. బంతి వెళ్ళి షామియానా గుంజకు తగిలింది.

తిట్టింది పరాయివాడైతే ఇస్హాక్ పట్టించుకునేవాడు కాదు. తిట్టింది ఫ్యాన్.

అది ఆడపిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్. మీద పడి కింద పడేసే పని లేదు. నడుముకు కట్టిన రిబ్బను లాగితే పరుగు ఆగిపోయినట్టే. బంతి చేత్తో విసిరి ఆట నడిపే అమ్మాయిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆ మాట చెవినపడి మొదట్లో ఊళ్ళో మగవాళ్ళు తెగ వచ్చారు. ఇక్కడ దొరికేది ఆ క్వార్టర్ కాదని తెలిసి అంతే వేగంగా వెళ్ళిపోయారు.

తొండుపల్లి పక్కనే షంషాబాద్ ఎయిర్‌పోర్ట్. ఇక్కడ టచ్‌డౌన్ అంటే విమానాల పని. పొద్దస్తమానం దిగుతూనే ఉంటాయి. ఇస్హాక్ టీమ్ గీత దాటి టచ్‌డౌన్ కొట్టడం మొదలైంది మాత్రం జెరూషా వచ్చాకే.

ఆ వెనకే ఈ ఫ్యాన్ వచ్చాడు.

ఎవరో, ఏ బస్తీవాడో తెలియదు. పేరడిగితే "ఫ్యాన్ అనుకోండ్రి" అన్నాడు. గోడెక్కి కూర్చున్నాడు కాబట్టి గోడ ఫ్యాన్ అని ఖాయం చేశారు. బంతి ఎటు పోతే తల అటు తిరిగేది. స్విచ్ ఎక్కడుందో తెలియక నోటిని ఎవరూ ఆపలేకపోయేవారు.

"క్వార్టర్ అని పేరేగని, ఆ పిల్ల ఫుల్లు కోచ్ సాబ్."

"కోచ్ అంటే రైలు కోచ్ లెక్క ఉండాలె. ఇంజిన్ ఎటు గుంజితే అటు పోవాలె. ఇంజిన్ జెరూషా. మీరు జర బ్రేకులు ఎయ్యకుండ్రి."

ఇస్హాక్ నవ్వుకునేవాడు. తన ఫ్లాస్కులో చాయ్ గోడ మీదికి అందించేవాడు. గెలిచిన రోజు ఇద్దరూ కలిసి అరిచేవారు. ఓడిన రోజు కలిసి రెఫరీని తిట్టేవారు.

నిన్న ఆ గోడ దగ్గరే తన బాధంతా చెప్పుకున్నాడు.

"రేపు డ్రాఫ్ట్ భాయ్. ఆటగాళ్ళందరినీ ఒక్క కుప్పల పోస్తరు. చీటీల నంబరు వచ్చినట్టు ఒక్కో కోచ్ ఏరుకుంటడు. నాకు ఆఖరి చీటీ వచ్చింది. జెరూషా పోయినట్టే."

"పోతే ఏమైతది?"

"వేరే టీమ్‌లన్నీ పట్నం ఆ చివరకు. ఆ పిల్లకు మధ్యాహ్నం నుంచి ఎయిర్‌పోర్ట్‌ల కాఫీ కౌంటర్ డ్యూటీ. నౌకరీ ఇడిచే ఇల్లు కాదు వాళ్ళది. ఆటే ఇడుస్తది."

ఫ్యాన్ మొదటిసారి ఏమీ మాట్లాడలేదు.

ఇవాళ మాట్లాడుతున్నాడు. డ్రాఫ్ట్‌కు ముందు కోచ్‌లందరూ చూస్తున్న ట్రయల్‌లో.

పట్నం ఆ చివరి నుంచి వచ్చిన కోచ్ శ్రావణ్‌కుమార్ గోడ దగ్గరికి వెళ్ళాడు. "ఏమైందన్నా ఆమెకు?"

"భుజం పోయింది తమ్మీ. రెండు బాల్లు బంగారం, మూడోది బేకార్. దినాం చూసెటోన్ని, నాకు తెల్వదా? తీసుకునెటోళ్ళు మీరు. సోచాయించుకోండ్రి."

ఇస్హాక్ ఉరికి వెళ్ళి ఫ్యాన్ కాలర్ పట్టి గోడ మీంచి కిందికి లాగాడు.

"నా చాయ్ తాగిన నోటితోనే గింత మాట అంటవా?"

"ఉన్నదే అన్న కోచ్ సాబ్."

"నిన్ను సొంతమనిషి అనుకున్న. గా పిల్ల ముఖం చూడు. నీకో బిడ్డ ఉంటే తెలిసేది."

ఫ్యాన్ జెరూషా వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"ఇగ ఈ గోడ మీద కనబడకు."

"కనబడ" అన్నాడు ఫ్యాన్. ఊడిన గుండీ ఏరుకుని హైవే వైపు నడిచాడు.

ట్రయల్ అయ్యాక డ్రాఫ్ట్ మొదలైంది. మొదటి చీటీ శ్రావణ్‌కుమార్‌ది. ఇస్హాక్ కళ్ళు మూసుకున్నాడు.

"అఖిల."

ఇస్హాక్ కళ్ళు తెరిచాడు.

"జెన్నిఫర్" అన్నాడు రెండో కోచ్.

ఒక్కో పేరూ లేచిపోతోంది. ఆ పేరు తప్ప. ఏడో కోచ్ కాసేపు తల గోక్కుని కవిత అన్నాడు.

"ఇగ మీదే సాబ్."

"జెరూషా" అన్నాడు ఇస్హాక్.

చాయ్ తాగుతున్నప్పుడు శ్రావణ్‌కుమార్ పక్కకు వచ్చాడు.

"నేను ఆ పిల్ల కోసమే వచ్చిన సార్. మీ మనిషే భుజం పోయిందన్నడు. అయినా నమ్మకపోదును. మీరు ఉరికొచ్చి కాలర్ పట్టుకున్నరు చూడుండ్రి, అప్పుడు నమ్మినం. గుట్టు బయటపడ్డదనే మీకు గంత కోపమనుకున్నం అందరం."

ఇస్హాక్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

గ్లాసు అక్కడే పెట్టి గేటు దాటి హైవే దాకా ఉరికాడు. లారీలున్నాయి, క్యాబులున్నాయి. మనిషి లేడు.

తిరిగొచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. జెరూషా ఒక్కతే డ్యూటీ యూనిఫాంలో, సంచి భుజానికి వేసుకుని నిలబడి ఉంది.

"బిడ్డా, గా ఫ్యాన్ ఇల్లు ఎవరికన్న ఎరుకనా? పోయి మాఫీ అడగాలె నేను. రేపు మళ్ళ పిలుచుకొస్త."

"ఆయన ఇగ రాడు కోచ్ సాబ్. కనబడనని మాటిచ్చిండు గదా."

"నీకెట్ల తెలుసు?"

జెరూషా ఖాళీ గోడ వైపు చూస్తూ మెల్లగా అంది.

"తల్లిదండ్రులెవ్వరు గ్రౌండ్‌ల కాలు పెట్టొద్దని మీరు రూలు పెట్టిన్రు గదా, అందుకే మా బాపు గోడ మీద కూసునేటోడు."