లేబుల్ మీద మనిషి

ఆ ఉదయం రూఫస్ చేతిలో ఉన్నవి మూడు: సూళ్లూరుపేట బజారులో రొయ్యల మందుల దుకాణం, వెంకటాచలం దగ్గరి ఒక పరిశోధనశాలకు సరుకు తెప్పించే ఏజెన్సీ, ఎన్నో ఏళ్ల స్నేహితుడు చిన్నపోలయ్య. ఆ మూడోది ఇప్పుడు కౌంటరు ముందు నిలబడి రెండోదానికి ఎసరు పెడుతోంది.

"ఒక్క సీసా అన్నా. ల్యాబోళ్లకు సరుకు రాలేదని చెప్పు."

"అది మందు కాదురా పోలయ్యా."

"పోయినేడు నువ్వే గదన్నా చెప్పినావు, క్యాన్సర్‌ను అణిచే ప్రోటీనని!"

"చెప్పినాను. తెలీక చెప్పినాను."

చెన్నై నుంచి పొద్దున్నే దిగిన తెల్లటి పెట్టె ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. లోపల డ్రై ఐస్ అనే పొడి మంచు, ఆ మంచులో వేలెడంత సీసా. మధ్యాహ్నం ల్యాబు బండి వచ్చి తీసుకుపోతుంది. చిన్నపోలయ్య భార్య పెంచలమ్మకు క్యాన్సర్; ఇక చేయగలిగింది లేదని చెన్నై ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు.

చిన్నపోలయ్య అరలోంచి రెండు డబ్బాలు లాగి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఇది రొయ్యలకు. ఇది గొడ్లకు. డబ్బా మీద ఎవురి పేరుంటే మందు వాళ్లదని నాకు నేర్పిందెవురు? నా రొయ్యల గుంటలో గొడ్ల మందు పొయ్యబోతే చెయ్యి పట్టుకోని ఆపినావే! మరి ఈ సీసా మీద ఏముండాది? హ్యూమన్! అంటే మనిషి గాదా? పెంచలమ్మ మనిషి గాదా?"

"మనిషి ఒంట్లో ఉండే ప్రోటీన్ లాంటిదని ఆ మాట రాస్తారు. మనిషికి ఎక్కించమని కాదు. ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటారు దీన్ని. కణం లోపల ఏ జన్యువు పని చెయ్యాలో చెప్పే సరుకు. బాక్టీరియాతో చేయిస్తారు, పరీక్షల కోసం. సూదితో ఎక్కిస్తే అది కణం లోపలికే పోదు, బాక్టీరియా విషం మాత్రం నెత్తుట్లో కలుస్తుంది."

"నీకెట్ట తెలుసు? నువ్వేమన్నా డాక్టరువా?"

రూఫస్ పెట్టెను తన వైపుకు జరుపుకున్నాడు.

"పడవ రాసిస్తా అన్నా. గుంట కూడా తీసుకో."

మొదటి మాటకే బేరాన్ని కాదనడం రూఫస్ ఒంట్లో లేదు. ఇవాళ కాదన్నాడు.

చిన్నపోలయ్య మొహం మారిపోయింది. "తెలిసిందిలే. లిల్లీ వదినదీ ఇదే జబ్బు. ఆమె పోయినాక నీకు వండిపెట్టే దిక్కు లేదు. నాకూ ఉండగూడదనేగా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడబాక."

"మాట్లాడతా! మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేస్తానన్నాడు. నువ్వీకపోతే నేనే తీసుకుంటా."

అతని చెయ్యి పెట్టెలోకి పోయింది. మంచు చురుక్కుమన్నా సీసాను వదల్లేదు. రూఫస్ బల్ల దాటి వచ్చి, మణికట్టు మెలిపెట్టి, సీసా లాక్కున్నాడు. మూత తిప్పి, అప్పుడే తెచ్చిపెట్టిన పొగలుగక్కే టీ గ్లాసులో ముంచేశాడు.

చిన్నపోలయ్య నేల మీద కూలబడ్డాడు. "చంపేసినావు గదన్నా! నా పెంచలమ్మను చంపేసినావు గదన్నా!"

కాసేపటికి లేచాడు. గడప మీద ఉమ్మేసి, బజారంతా వినేటట్టు తిట్టుకుంటూ పోయాడు.

రూఫస్ స్టూలు మీద కూర్చుని లెక్క చూసుకున్నాడు. మధ్యాహ్నం బండి వస్తే ఏజెన్సీ పోతుంది. రేపటికల్లా రేవులో ప్రతివాడికీ ఈ కథ తెలుస్తుంది, ఒక్కడూ దుకాణం మెట్లెక్కడు. స్నేహితుడు ఇప్పుడే పోయాడు. జమ వైపు ఒకే ఒక్కటి: పెంచలమ్మ పోయినా జబ్బుతోనే పోతుంది.

నిరుడు లిల్లీ చనిపోయిన రోజు ఇలాంటి సీసానే ఆమెకు ఎక్కించింది రూఫస్.