సలాక కొస

ఇనుప సలాక మళ్ళీ జారింది. వంగాల్సిన చోట వంగకుండా గిర్రున తిరిగి లింగం మోచేతికి తగిలింది. వాకిట్లో ఒక్కడే ఉన్న మనిషి, ఎవరిని తిట్టాలో తెలియక రింగుల పలకను తిట్టాడు.

పలక అతను సొంతంగా చేసుకున్నదే. మందపాటి చెక్క, దాని మీద ఇనుప మొలలు, సలాకకు తొడిగి లాగడానికో గొట్టం. సెంట్రింగ్ మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నాక బయటి పనులు మాని, ఇంటి దగ్గరే పిల్లర్లకు రింగులు వంచి ఇస్తున్నాడు. బాన్సువాడలో పెంకుటిళ్ళు పోయి స్లాబులు లేస్తున్న రోజులవి, పనికి కొదవ లేదు. కొదవల్లా మనిషికే. ఒకరు గొట్టం లాగుతుంటే ఇంకొకరు సలాక కొస కదలకుండా పట్టుకోవాలి. ఆ కొస భార్య బక్కమ్మ పట్టుకునేది. ఆమె పోయిన ఏడు వానాకాలంలో జ్వరంతో చనిపోయింది.

అందుకే లింగం పలకకు ఒక పట్టు అమర్చాడు. సలాకను అదిమి ఉంచే ఇనుప పట్టీ, దాన్ని బిగించే బోల్టు. పట్టీకి రంధ్రం కాస్త పెద్దది కావడంతో నట్టు కింద వాషర్ వేస్తేనే బిగుస్తుంది. సాయంత్రం వేసి చూస్తే ఉడుంపట్టే. తెల్లారి పనికి కూర్చుంటే వదులు. వంగి చూస్తే వాషర్ ఉండదు.

కుంటుకుంటూ పక్కింటికి పోయాడు. సోనాబాయి గడప మీద కూర్చుని రోడ్డుకేసి చూస్తోంది. లోపల కొడుకు, కోడలు, మనవలు, పెద్ద గొంతుతో టీవీ. ఇల్లంతా సంతలా ఉంది.

"సోనక్కా, మళ్ళ జారుతుంది. జర వచ్చి కొస పడతవా?"

"నాకేం పని లేదనుకున్నవా? మెడ దాక ఉన్నది," అంటూనే లేచింది.

వచ్చి పీట వేసుకుని, కొంగు ముడిలోంచి వక్క తీసి నోట్లో వేసుకుని కొస పట్టుకుంది. ఇక రింగుకో తిట్టు. మోకాళ్ళను తిట్టింది. గ్యాస్ పొయ్యి వచ్చాక వంటింట్లోకే రానివ్వని కోడలిని తిట్టింది. లింగం అమర్చిన పట్టు కన్నా మేకను కట్టేసే తాడు నయమంది. తిట్లు వింటూ వంచితే పని తొందరగా సాగేది గానీ, సొంత పనికి రోజూ ఇంకొకరి గడప తొక్కడం లింగానికి నామోషీగా ఉండేది. రేపటికి బాగుచేస్తానని, ఇక ఆమెకు తిప్పలుండవని రోజూ చెప్పేవాడు.

"నీ నోట్ల చక్కెర పొయ్య, ముందుగాల గా పని చెయ్," అనేది సోనాబాయి.

వాళ్ళింట్లో నల్లా ఉన్నా, తాగడానికి లింగం వాకిట్లోని బోరింగు నీళ్ళే రుచి ఆమెకు. అతను లేవకముందే వచ్చి బిందె నింపుకుపోయేది. కుక్కో పిల్లో పలక దగ్గరికి రావడం చూశావా అని ఆ రోజు లింగం అడిగితే, ఎలుకలు తింటున్నాయేమో అంది.

"ఇనుమునా?"

"మీ ఇంట్ల తినేటందుకు ఇంకేమున్నది?"

లింగం నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కానీ ఆ మధ్యాహ్నం రింగుల కోసం వచ్చిన మేస్త్రీ సాగర్ నవ్వలేదు. సరుకు మళ్ళీ ఆలస్యమైందని అలిగాడు. వాషర్ సంగతి చెబితే జాలిగా చూశాడు.

"నువ్వు పెట్టిననుకుంటున్నవు మామా. మరిసిపోతున్నవు. వర్ని ఊర్లె రైస్‌మిల్లుకు వాచ్‌మన్ కావాల్నట. ఉండేటందుకు రూము గూడ ఇస్తరు. పో."

ఆ మాట లింగాన్ని పట్టుకుంది. నిన్న పెట్టానా, పెట్టాననుకున్నానా? ఒంటిగా ఉండేవాడికి తన జ్ఞాపకానికి సాక్షులుండరు. నిజంగా భయం వేసింది. సాయంత్రం కొత్త వాషర్ వేసి బిగించి, ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. గోడవతల సోనాబాయి కనబడితే చెప్పేశాడు.

"రేపు గిట్ల జారితే పలక అమ్మేసి వర్నికి పోత సోనక్కా. నాకు మతి పోతుంది."

ఆమె తిట్టలేదు. "అరే దేవా," అని మాత్రం గొణిగి లోపలికి పోయింది.

తెల్లారి చూస్తే వాషర్ ఉన్నచోటే ఉంది. పట్టు బిగిసింది. రింగు తర్వాత రింగు, మూలలు కొలిచినట్టు వంగాయి. మతి పోలేదన్న సంతోషంతో లింగం ఊపిరి సలపకుండా పని చేశాడు. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పక్కన పెద్ద కుప్ప. తలెత్తి ఎవరికైనా చూపిద్దామనుకున్నాడు. పీట ఖాళీగా ఉంది. మోకాళ్ళ నొప్పులు చెప్పేవాళ్ళు లేరు, పట్టుకు పేర్లు పెట్టేవాళ్ళు లేరు. కోరుకున్నది చేతికొచ్చింది. బక్కమ్మ పోయిన నాటి దిగులు కూడా మళ్ళీ వచ్చింది.

నట్టు విప్పి, వాషర్ తీసి చొక్కా జేబులో వేసుకుని, పక్కింటికి బయల్దేరాడు.

"సోనక్కా, మళ్ళ జారుతుంది."

సోనాబాయి వింతగా చూసింది. "ఇయ్యాల గూడనా? గట్లెట్ల జారుతది?"

"జారుతుంది. ఒట్టు."

ఆమె వచ్చి పీట మీద కూర్చుని రింగుల కుప్పను చూసింది, లింగాన్ని చూసింది, కొస పట్టుకుంది. నాలుగు రింగులు వంగాక మెల్లగా అడిగింది.

"మరి వర్నికి?"

"పోను. జారితే జారనీ, పట్టేటందుకు నువ్వున్నవు గద."

సోనాబాయి ముఖం పక్కకు తిప్పుకుంది. ఏదో ఒకటి చేయాలన్నట్టు వక్క కోసం కొంగు ముడి విప్పింది.

వక్కతో పాటు వాషర్లన్నీ గలగలా రాలాయి.