వెలుతురులో వచ్చిన మనిషి

"ఇంటికి పోదాం పా," అంది రంగి, కుర్చీలో కూర్చోకముందే.

సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు అది. పట్టపగలే కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చీకటి చేశాడు ఆమె కొడుకు సునీల్. పెళ్లిళ్లలో గాలిలో మనుషులను నిలబెట్టి కథలు చెప్పే హోలోగ్రామ్ షోలు వేయడం అతని బతుకుతెరువు. ఈ షో మాత్రం ఒక్క మనిషి కోసమే. నడిగూడెం దగ్గరి తండా నుంచి తల్లిని బతిమాలి బస్సెక్కించి తీసుకొచ్చాడు.

రంగి ఏడవదు, నవ్వదు. సునీల్ ఆమె కడుపులో ఉండగానే అతని తండ్రి భద్రు, భద్రు అన్న, ఇద్దరూ మఠంపల్లి వైపు ఒక క్వారీలో ఒకే ప్రమాదంలో చనిపోయారు. భర్త మాట ఎత్తితే చాలు, ఆమె లేచి గొడ్ల దగ్గరకు వెళ్లిపోతుంది. అమ్మ ఒక్కసారి ఏడిస్తే మామూలు మనిషి అవుతుందని సునీల్ ఆశ. తల్లిని ఏడిపించడానికి ఇంతగా పాటుపడిన కొడుకు ఇంకొకడు ఉండడేమో.

ఆమె ట్రంకుపెట్టెలో అన్నదమ్ములిద్దరి పాత ఫొటో దొరికింది. ఆమెకు చెబితే రాదని చెప్పకుండానే, కుర్చీలో దర్జాగా కూర్చున్న నాయనను అందులోంచి తీసి, నడక నేర్పాడు, గొంతు పెట్టాడు.

లైట్లు ఆరాయి. కంటికి ఆనని సన్నటి జాలీ తెర మీద వెలుతురు పడింది. తలపాగా, చేతిలో కందిలితో నిలువెత్తు మనిషి చీకట్లోంచి నడిచి వచ్చాడు. "బిడ్డా, పుట్టినవా? నీకో కథ చెప్త, ఇను," అని మొదలుపెట్టాడు. రాళ్లదుమ్ములో ఇంటిదారి వెతుక్కుంటూ వస్తున్న మనిషి కథ అది. అతను అడుగు వేసిన చోటల్లా మోదుగుపూలు పూస్తున్నాయి.

గోడవారన నిలబడ్డ సునీల్ భార్య స్వరూప కళ్లు తుడుచుకుంది. సునీల్ తెర వైపు చూడనే లేదు, తల్లినే చూస్తున్నాడు. ఆమె చేతులు ఒళ్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. ముఖంలో ఏమీ లేదు. కథ సగం దాటింది. ఇక లాభం లేదనుకుని అతను నీరుగారిపోయాడు.

వెలుతురు మనిషి సరిగ్గా ఆమెకు ఎదురుగా వచ్చి ఆగాడు. రంగి చేయి కదిలింది. తలమీది కొంగును ముఖం నిండా కిందికి లాక్కుంది.

అమ్మ ముసుగు వేసుకోవడం సునీల్ ఎన్నడూ చూడలేదు. పెళ్లినాటి సిగ్గు ఇన్నేళ్లకు తిరిగొచ్చిందనుకున్నాడు. లోపల ఏడుస్తోందేమోనని ఎంతో సంబరపడ్డాడు. వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"యాడీ, అమ్మా, ముసుగు తియ్యి. జర నాయన మొఖం సూడు."

ఆమె తీయలేదు. ఇది ఎప్పుడు అయిపోతదని మాత్రం అడిగింది. ఆ గొంతులో తడి లేదు.

"సిగ్గెందుకే? నీ ఇంటాయనే కద."

రంగి ముసుగులోంచే, వానలు పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మొగని ముంగట ముసుగెవలేస్తరు కొడుకా? బావల ముంగటనే ఏస్తరు. గాయన మీ పెద్దనాయన."