పేరు చెప్పని ఆకు

ఏ చెట్టు సారమైనా చుక్కలుగా తయారుచేసే మందుపెట్టె ఇంటింటికీ వచ్చాక, అడవికి వెళ్ళి ఆకు కోసేవాళ్ళే లేకపోయారు. అప్పలనరసమ్మకు మాత్రం ఆ పెట్టె మీద నమ్మకం లేదు. కామెర్లొచ్చి కళ్ళు పచ్చబడినా, కొడుకు సింహాద్రి పోసిన చుక్కల్ని ఉమ్మేసింది.

"ఆకు లేని మందేట్రా? గంగులమ్మ పసరైతే తాగుతాను."

సింహాద్రికి ఊళ్ళో పసరు మందిచ్చే ఆ గంగులమ్మ మీదే అనుమానం. ఎవరికీ దొరకని ఆకు ఆవిడకెక్కడిది? పసరు నూరేటప్పుడు ఎవరూ చూడకూడదని కట్టుబాటు ఉన్నా, ఆవిడ ఇంటికి వెళ్ళి తడిక సందులోంచి తొంగిచూశాడు. రోట్లో తోటకూర నలుగుతోంది. తమ ఇంట్లో ఉన్నటువంటి మందుపెట్టే పక్కన ఉంది, చుక్క చుక్కా ఆ రోట్లోకే వదులుతోంది.

"ఇదేటమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

గంగులమ్మ తలైనా ఎత్తలేదు. "పేరు చెప్తే మందు పన్జెయ్యదు బాబూ."

కొడుకు తెచ్చిన పసరు గిన్నెను అప్పలనరసమ్మ ఖాళీ చేసి, "అదీ, ఆకంటే!" అని మూతి తుడుచుకుంది.

మర్నాడు సింహాద్రి తమ వంటింట్లోనే గోడవైపు తిరిగి రోలు ముందేసుకున్నాడు. వెనక నుంచి తల్లి గొంతు అనుమానంగా వినిపించింది.

"ఏటి నూరుతున్నావురా?"

తోటకూర కట్టను గబుక్కున కండువా కిందికి తోసి అన్నాడు సింహాద్రి. "పేరు చెప్తే మందు పన్జెయ్యదమ్మా."