అనుమానం సోకిన ఇల్లు

గుంటూరులో ఫోన్లనూ యంత్రాలనూ తానే నడుపుకునే నెట్‌వర్కుకి ఆ మధ్యాహ్నం హైమవతి ఇంటిమీద అనుమానం వచ్చింది. మామగారి శ్వాసయంత్రంలో కంప్యూటరు దొంగ ఎవడో చొరబడ్డాడనుకుని, ఆ తెగులు ఊరికి పాకకుండా ఇంటినే వెలివేసింది. ఫోన్లు మూగబోయాయి. ఆస్పత్రిలోనే కూర్చుని లైను మీద యంత్రాన్ని సరిచేసే డాక్టరు అందకుండా పోయాడు. మామగారి పెదవులు నీలం తిరుగుతున్నాయి.

పక్కింటి రజియా పరుగున వచ్చి తన ఫోను యంత్రానికి కలపబోయింది.

"వద్దక్కా! నెట్‌వర్కు మీ ఇంటినీ మూసేస్తుంది. పాప ఆన్‌లైన్లో పరీక్ష రాస్తోంది కదా!" అడ్డుపడింది హైమవతి.

"పరీక్ష మళ్లీ వస్తదే. మీ మావయ్య మళ్లీ వస్తాడా?"

రజియా ఫోను తగిలించగానే యంత్రం ఊపందుకుంది. డాక్టరు గొంతు పలికింది. "అంబులెన్సు బయల్దేరిందమ్మా. అందాకా లైను తెగకూడదు."

అంతలోనే రజియా ఫోను చచ్చిపోయింది. పక్కింట్లో పాప కేకపెట్టింది. యంత్రం మళ్లీ మందగించింది.

గుమ్మంలో అలికిడయింది. ఎన్నడూ పలకరించని ఎదురింటి ప్లీడరుగారు ఫోను చాపి నిలబడ్డారు. ఆయన వెనక, తలా ఒక ఫోను పట్టుకుని, పైఅంతస్తులవాళ్లు మెట్లు దిగుతున్నారు.

"ఒకటి పోగానే ఇంకోటి తగిలించమ్మా," అన్నారాయన.

అంబులెన్సు వచ్చేసరికి ఆ అపార్టుమెంటులో పలికే ఫోను ఒక్కటీ మిగల్లేదు. మామగారు మాత్రం ఊపిరి పీలుస్తూనే ఉన్నారు.