ఊరి సమ్మతి

"ఆఖరిసారి అడుగుతున్నా. సర్కారు డబ్బిస్తే మంచినీళ్ల ప్లాంటు కట్టుకుంటారా?"

ఉత్తర ధ్రువానికి దగ్గరి ఆ మంచు ఊళ్లో హాలు నిండా జనం. ఒక్కరూ నోరు విప్పలేదు. రాజధాని నుంచి మొదటిసారి వచ్చిన డగ్లస్ విసుగ్గా ఫైలు మూశాడు.

"ఊరి సమ్మతి లేదని రాసుకుంటాను మేయరుగారూ. ఈ నిధులు ఇంకో ఊరికి పోతాయి."

"లేకపోవడమేంటి బాబూ? మూడుసార్లూ ఒప్పుకున్నారుగా," అంది ముసలి మేయరు లీటియా.

"ఎప్పుడు? ఎవరూ పలకలేదే."

"నువ్వు కాగితాల్లోంచి తలెత్తితేగా. మేం ఇనూయిట్లం. ఔనంటే కనుబొమలెగరేస్తాం, కాదంటే ముక్కు ముడుస్తాం."

డగ్లస్ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి మొహాలు చూస్తూ అడిగాడు.

"నేను వట్టి మొద్దునని అనుకుంటున్నారు కదూ?"

హాలంతా కనుబొమలు లేచాయి. వెనక బెంచీ మీది అవ్వ ఒక్కతే, పాపం అనుకుందో ఏమో, ముక్కు ముడిచింది.